ఆగవలసిన చోట

నేల మరో రెండు మూడు వందల అడుగులు ఉందనగా మా విమానం ఇంజిన్లు ఒక్కసారిగా హోరెత్తాయి. చక్రాలు రన్‌వేను తాకే కుదుపు కోసం కాచుకుని కూర్చున్న వాళ్లమంతా సీట్లలో వెనక్కి ఒరిగిపోయాము. కిటికీలోంచి దగ్గరగా కనబడుతున్న దీపాల వరుస కిందికి జారిపోయింది, దాని మీదికి మళ్లీ మబ్బు కమ్ముకుంది. నా ముందు సీటులోని చిన్నపిల్ల "అమ్మా, మళ్లీ పైకెందుకు పోతున్నాం?" అని అడిగితే, తల్లి జవాబు చెప్పకుండా పిల్ల చేయి గట్టిగా పట్టుకుంది. చాలాసేపటికి కెప్టెన్ గొంతు వినిపించింది. దిగడానికి పరిస్థితి సరిగా లేనందువల్ల మళ్లీ చుట్టి వస్తున్నామని, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు.

రెండోసారి విమానం మామూలుగానే దిగింది. తలుపు తెరిచేలోపు నడవాలో నిలబడిన జనం మధ్య సాగిన మాటలు మాత్రం నన్ను ఇప్పటికీ వదలలేదు. "మన ముందు విమానం దిగింది కదండీ, ఈయనకే ఏం అడ్డొచ్చింది?" అని ఒకాయన అడిగాడు. "కొత్త పైలట్ అయి ఉంటాడండీ" అని ఇంకొకాయన జవాబిచ్చాడు. అందుకోవలసిన రెండో విమానం తప్పిపోయిందని ఒకావిడ తలుపు దగ్గరున్న సిబ్బందిని నిలదీసింది. ఆ అమ్మాయి తానేదో తప్పు చేసినట్టు క్షమించమని అడుగుతూ నిలబడింది. నేను ఎవరినీ ఏమీ అనలేదు గానీ నాలో ఉన్నదీ ఆ విసుగే. వెళ్లవలసిన సమావేశానికి ఆలస్యమవుతోంది, ఆ పూట నాకు కనబడింది అదొక్కటే.

విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలను శ్రద్ధగా చదవడం ఆ తరువాతే మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఒక అభిప్రాయం బలపడుతూ వచ్చింది. నేను చూసిన నివేదికలలో చాలావాటిలో, ప్రమాదానికి ముందు ఆగడానికో, వెనక్కి తిరగడానికో, మరొక్కసారి సరిచూసుకోవడానికో ఒక చోటు ఉంది. అక్కడ ఎవరో ఒకరికి అనుమానం వచ్చింది కూడా. అయినా పని ముందుకే సాగింది. అలా సాగిపోవడానికి ఆ ఒక్క మనిషి తెగింపో అలసత్వమో కారణమని నేను అనుకోను. ఆగిన వాడు చెల్లించవలసిన వెల మరీ ఎక్కువగా ఉండటమే అసలు కారణమని, ఆ వెలను పెంచిన వాళ్లలో నడవాలో నిలబడి గొణిగిన మేము కూడా ఉన్నామని నా నమ్మకం.

జాబితా చెప్పనిది

ప్రమాదాలకు కారణాలేమిటని అడిగితే ఎవరైనా చెప్పే జాబితా ఒకటి ఉంది: పైలట్ పొరపాటు, యంత్రలోపం, చెడు వాతావరణం, మరమ్మతులలో లోపం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పొరపాటు, పక్షులు తగలడం, విద్రోహం. ఇందులో అబద్ధమేమీ లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ అన్నిటికంటే ప్రమాదకరమైనవిగా ఎంచి చూపే ఐదు వర్గాలు ఇంకొంచెం కచ్చితంగా ఉంటాయి. గాలిలో విమానం అదుపు తప్పడం, అదుపులో ఉన్న విమానమే నేలనో కొండనో ఢీకొనడం, రన్‌వే దాటి దూసుకుపోవడం, రన్‌వే మీదికి రాకూడనిది రావడం, గాలిలో రెండు విమానాలు ఢీకొనడం. అయితే ఇవన్నీ ప్రమాదం ఎలా ముగిసిందో చెప్పే పేర్లు. మొదటి జాబితా చూస్తే, అందులోని ఒక్కొక్క మాట దర్యాప్తు ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది. "పైలట్ పొరపాటు" అన్న మాట వినగానే మనం ప్రశ్నలు అడగడం మానేస్తాము. ఆ పైలట్‌కు ఆ పొరపాటు అప్పుడు సరైన పనిగా ఎందుకు తోచిందో తెలుసుకోవడం అక్కడి నుంచే మొదలు కావాలి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో బోయింగ్ 787 కూలిన తరువాత, నెల రోజులకు వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంధన స్విచ్‌ల గురించి, కాక్‌పిట్‌లో ఇద్దరి మధ్య నడిచిన ఒక చిన్న సంభాషణ గురించి కొద్ది వాక్యాలు ఉన్నాయి. ఆ నివేదిక ఏ కారణాన్నీ తేల్చలేదు. మన చర్చలు మాత్రం ఆ సాయంత్రానికే తీర్పు చెప్పేశాయి. దర్యాప్తు ఏకైక ఉద్దేశం మరో ప్రమాదాన్ని నివారించడమేనని, ఎవరిది తప్పో నిర్ణయించడం దాని పని కాదని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందంలోని 13వ అనుబంధం స్పష్టంగా చెబుతోంది. ఆ వాక్యాన్ని మనం ఇంకా మనసుకు పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది.

డ్రైడెన్‌లో ఒక మధ్యాహ్నం

నా అభిప్రాయానికి ఆధారంగా ఒక్క ప్రమాదాన్నే ఎంచుకోమంటే, వందల మంది చనిపోయినవాటిని వదిలి, కెనడాలోని డ్రైడెన్ అనే చిన్న ఊళ్లో 1989 మార్చి 10న జరిగినదాన్ని ఎంచుకుంటాను. ఎయిర్ ఒంటారియో సంస్థ నడిపిన ఫాకర్ ఎఫ్-28 విమానం అది. అందులో 69 మంది ఉన్నారు. టేకాఫ్ అయిన కొద్ది సెకన్లకే రన్‌వే చివరనున్న అడవిలో కూలింది, 24 మంది చనిపోయారు. రెక్కల మీద మంచు పేరుకుని ఉండగా విమానం లేచింది. రెక్క పైభాగం గరుకుగా మారితే గాలి దాన్ని అంటిపెట్టుకుని సాగదు, కావలసినంత ఎత్తే బలం పుట్టదు. ఏ పైలట్‌కైనా మొదటి పాఠాలలోనే చెప్పే సంగతి ఇది. జాబితా ప్రకారం చూస్తే "పైలట్ పొరపాటు, చెడు వాతావరణం" అని రాసి ముగించవచ్చు.

న్యాయమూర్తి వర్జిల్ మొషాన్‌స్కీ అలా ముగించలేదు. దాదాపు మూడేళ్లు విచారణ జరిపి, 1992లో తుది నివేదిక ఇచ్చారు. ఆ నివేదికలో ఆ రోజు ఒక్కొక్క ముడి ఎలా పడిందో కనిపిస్తుంది. విమానం నేల మీద ఉన్నప్పుడు ఇంజిన్లను తిరిగి స్టార్ట్ చేయడానికి పనికొచ్చే చిన్న సహాయక ఇంజిన్ కొద్ది రోజులుగా పనిచేయడం లేదు. నిబంధనలు అనుమతిస్తాయి గనుక మరమ్మతు వాయిదా వేసి విమానాన్ని తిప్పుతూనే ఉన్నారు. డ్రైడెన్‌లో బయటి నుంచి ఇంజిన్లను స్టార్ట్ చేసే పరికరం లేదు. అంటే అక్కడ ఇంజిన్లు ఆపితే విమానం ఆ ఊళ్లోనే ఉండిపోతుంది. ఇంజిన్లు తిరుగుతుండగా రెక్కల మీద మంచు కరిగించే ద్రవం చల్లకూడదు. ఈ మూడూ కలిస్తే అర్థం ఒక్కటే: మంచు తీయించుకోవాలంటే ప్రయాణం ఆగిపోవాలి.

అక్కడ ఇంధనం నింపవలసిన అవసరం కూడా ఊరికే రాలేదు. అంతకుముందు థండర్ బేలో, రద్దయిన మరో విమానంలోని పదిమంది ప్రయాణికులను ఇందులో ఎక్కించారు, బరువు మించింది. కెప్టెన్ ఆ పదిమందిని దింపుదామన్నాడు. వాళ్లను ఉంచి, నింపిన ఇంధనంలో కొంత తీయించాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. దాంతో విమానం అప్పటికే గంట ఆలస్యమైంది, డ్రైడెన్‌లో మళ్లీ ఇంధనం పట్టించవలసి వచ్చింది, ఆ నిమిషాలలోనే మంచు దట్టంగా కురవసాగింది. చాలామందికి విన్నిపెగ్‌లో మరో విమానం అందుకోవలసి ఉంది. ఇక బయలుదేరుదామనుకుంటే, మంచులో దారి వెతుక్కుంటున్న ఒక చిన్న సెస్నా విమానం దిగే దాకా ఆగవలసి వచ్చింది. ఆ వ్యవధిలో రెక్కల మీద మంచు మరికాస్త పెరిగింది.

నన్ను ఎక్కువగా కలచివేసినవి కాక్‌పిట్ వెనుక, ప్రయాణికుల సీట్లలో జరిగిన సంగతులు. ఆ రోజు డ్యూటీలో లేని ఇద్దరు పైలట్లు మామూలు ప్రయాణికులుగా అదే విమానంలో కూర్చున్నారు. రెక్కల మీద మంచును ఇద్దరూ చూశారు. దాని అర్థం వాళ్లకు తెలుసు. కాక్‌పిట్‌లో ఉన్నవారికి ఆ సంగతి తెలిసే ఉంటుందని, బయలుదేరేలోపు మంచు తీయిస్తారని అనుకున్నారు. తోటి పైలట్ పనిలో తలదూర్చడం మర్యాద కాదన్న సంకోచం కూడా అందులో ఉంది. ప్రాణాలతో బయటపడిన విమాన సిబ్బంది ఒకరు విచారణలో ఇచ్చిన సాక్ష్యం కూడా దాదాపు ఇదే: అనుమానం వచ్చింది, కానీ అలాంటి మాటలు పైలట్లు స్వాగతించరని అనుభవం నేర్పింది.

ఆ కెప్టెన్ ఆగాలనుకుంటే ఏమి జరిగేదో ఊహించండి. వసతులు సరిగా లేని ఊళ్లో, ఒక వారాంతానికి ముందు, 65 మంది ప్రయాణికులతో విమానం నిలిచిపోతుంది. పైవాళ్లు ఎందుకని అడుగుతారు, ప్రయాణికులు తిడతారు. తన నిర్ణయం సరైనదని నిరూపించే ఆధారం మాత్రం ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే జరగని ప్రమాదాన్ని ఎవరూ చూపించలేరు. మొషాన్‌స్కీ ఈ ప్రమాదాన్ని మొత్తం విమానయాన వ్యవస్థ వైఫల్యంగా చూశారు. ఆయన చేసిన 191 సిఫారసులలో ప్రభుత్వ నియంత్రణ శాఖను ఉద్దేశించినవి కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

చెప్పిన మాట, వినబడని మాట

ప్రమాదానికి ముందు అనుమానాన్ని పైకి అన్న మనిషి చాలా సందర్భాలలో ఉన్నాడు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తుండగా ఎయిర్ ఫ్లోరిడా బోయింగ్ 737 రన్‌వే మీద పరుగు మొదలుపెట్టినప్పుడు, ఇంజిన్ మీటర్లు చూపుతున్న అంకె సరిగా లేదని కో-పైలట్ ఒకటికి రెండుసార్లు అన్నాడు. సరిగానే ఉందని కెప్టెన్ చెప్పాడు. "కాదేమో" అని కో-పైలట్ మళ్లీ అని, అంతలోనే "సరేలే, అయి ఉండవచ్చు" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఆ రికార్డింగ్ పాఠం చదువుతున్నప్పుడు నా కళ్లు ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాయి. అతని అనుమానం నిజమైనది: ఇంజిన్ ముందు భాగంలోని గొట్టంలో మంచు చేరి, మీటరు ఉన్నదానికంటే ఎక్కువ బలాన్ని చూపిస్తోంది. విమానం వంతెనను ఢీకొని పోటోమాక్ నదిలో పడింది. వంతెన మీది నలుగురితో కలిపి 78 మంది చనిపోయారు.

1977 మార్చి 27న టెనెరిఫెలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయిన సంగతి అందరికీ తెలిసిందే, కథంతా మళ్లీ చెప్పను. అందులో రెండు క్షణాలు మాత్రం చూడదగినవి. ఆ రెండింటిలో టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్న డచ్ సంస్థ కేఎల్ఎం విమానం కెప్టెన్ మొదట థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే మీట) ముందుకు నెట్టబోయినప్పుడు, ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ గుర్తుచేశాడు, కెప్టెన్ ఆగాడు. ఆ వెంటనే టవర్ నుంచి వచ్చింది బయలుదేరాక ఏ మార్గంలో వెళ్లాలో చెప్పే అనుమతి. టేకాఫ్‌కు అనుమతి అది కాదు. కెప్టెన్ రెండోసారి కదిలాడు. ఈసారి కో-పైలట్ అడ్డు చెప్పలేదు. అంత సీనియర్‌ను, సంస్థలో 747 శిక్షణకు ప్రధాన బాధ్యుడైన వ్యక్తిని, నిమిషం వ్యవధిలో రెండుసార్లు ఆపడం ఎవరికైనా కష్టమే. పొగమంచులో విమానం పరుగెడుతుండగా ఫ్లైట్ ఇంజినీర్, రెండో విమానం, ఆ పాన్ అమెరికన్ విమానం, ఇంకా రన్‌వే మీదే ఉందా అని అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా అన్నాడు. డ్యూటీ గంటలు మించితే విమానాన్ని అక్కడే నిలిపివేయవలసి వస్తుందన్న ఒత్తిడి అప్పటికే అతని మీద ఉంది. ఆ ప్రమాదం తరువాత, నిజంగా టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప టవర్ ఆ మాటను వాడకూడదన్న నియమం వచ్చింది.

ఆ తరువాత ముప్పై, నలభై ఏళ్లకు కూడా ఇదే సంభాషణ మనకు మళ్లీ వినిపిస్తుంది. 2010 మే 22న మంగళూరులో విమానం ఉండవలసిన ఎత్తు కంటే బాగా పైనుంచి, ఎక్కువ వేగంతో దిగుతున్నప్పుడు కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి లేవడం) అన్నాడు. కెప్టెన్ దించాడు, 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో వర్షంలో విమానం 8,858 అడుగుల రన్‌వే మీద సగం దాటాక గానీ నేల తాకలేదు. అక్కడా గో-అరౌండ్ అన్న మాట కో-పైలట్ నోటి నుంచి వచ్చింది, అక్కడా విమానం దిగింది, 21 మంది చనిపోయారు. మంగళూరు కెప్టెన్ ఆ ప్రయాణంలో చాలాసేపు నిద్రలో ఉన్నాడని దర్యాప్తు తేల్చింది. కోళికోడ్ కెప్టెన్ మర్నాడు ఉదయం మరో విమానం నడపవలసి ఉంది, అక్కడ కెప్టెన్ల కొరత ఉంది. ఈ రెండు వివరాలనూ పక్కనబెట్టి "కో-పైలట్ మాట వినలేదు" అని మాత్రమే చెబితే, వినకపోవడం ఎక్కడ పుట్టిందో తెలియకుండా పోతుంది.

అంకె ఉంటే సరిపోతుందా?

టేకాఫ్ విషయంలో విమానయానం ఒక గొప్ప ఏర్పాటు చేసుకుంది. బయలుదేరకముందే, ఆ రోజు బరువు, గాలి, రన్‌వే పొడవు చూసి ఒక వేగాన్ని లెక్కగట్టి పెట్టుకుంటారు. దాన్ని వీ-వన్ అంటారు. ఆ వేగానికి లోపు ఏదైనా తేడా వస్తే ఆపవచ్చు, దాటాక ఎగరవలసిందే. ఆ పరుగులో మనిషి ఆలోచించుకునే వ్యవధి ఉండదు గనుక నిర్ణయాన్ని ముందే చేసి అంకెగా పెట్టుకున్నారు. ల్యాండింగ్‌కు కూడా ఇలాంటిదే ఉంది. మబ్బులో అయితే 1,000 అడుగుల ఎత్తుకు, స్పష్టంగా కనబడుతుంటే 500 అడుగులకు చేరేసరికి వేగం, దిగే వాలు, చక్రాలు, ఫ్లాప్‌లు (రెక్కల అంచున కిందికి వాలే పలకలు) అన్నీ కుదురుకుని ఉండాలని, లేకపోతే మళ్లీ పైకి లేచిపోవాలని సాధారణంగా సంస్థల నియమం.

ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో చూస్తే మనసు కలత పడుతుంది. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ గో-అరౌండ్‌లపై జరిపిన అధ్యయనం ప్రకారం, కుదురుకోని అప్రోచ్‌లలో (దిగడానికి రన్‌వే వైపు వచ్చే ప్రయత్నాలలో) గో-అరౌండ్‌గా మారేవి సుమారు 3 శాతం మాత్రమే. మిగిలిన 97 శాతం సందర్భాలలో పైలట్లు దించేస్తున్నారు, వాటిలో దాదాపు అన్నీ క్షేమంగానే దిగుతున్నాయి. చిక్కు అక్కడే ఉంది. నియమాన్ని పక్కనబెట్టిన ప్రతిసారీ ఏమీ కాకపోతే, "నిన్న ఏమీ కాలేదు కదా" అన్నది తెలియకుండానే కొత్త నియమం అవుతుంది. అనుభవం మనకు నేర్పే పాఠాలన్నీ సరైనవి కావు, కొన్ని పాఠాలను అనుభవం తప్పుగా నేర్పుతుంది.

హ్యాంగర్లో, బల్లల ముందు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పైలట్ల కథలు. యంత్రం విఫలమైనప్పుడు ఈ వాదన నిలుస్తుందా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తులో ఉండగా కాక్‌పిట్ అద్దం ఒకటి ఊడిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది అతని కాళ్లు పట్టుకుని వేలాడుతుండగా కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

ఆ అద్దాన్ని ముందు రోజు తెల్లవారుజామున మార్చారు. బిగించిన 90 బోల్టులలో 84 కావలసినదానికంటే అర మిల్లీమీటరు పైచిలుకు సన్నవి. మనుషులు తక్కువగా ఉన్నందువల్ల షిఫ్ట్ మేనేజర్ ఆ పని తానే చేపట్టాడు. పాత బోల్టు ఒకటి చేతిలో పట్టుకుని, దానికి సరిపోయేవి వెతికాడు. స్టోర్ చూసుకునే ఉద్యోగి ఆ అద్దానికి వాడేది ఫలానా నంబరు బోల్టు అని సరైన నంబరే చెప్పాడు. కానీ మాటను నొక్కి చెప్పలేదు. మేనేజర్ కంటితో పోల్చి చూసుకున్నాడు. తీసిన పాత బోల్టే సరైనది కాదన్న సంగతి అతనికి తెలియదు. చివరికి చాలినంత వెలుతురు లేని చోట ఉన్న అరల నుంచి మరో సైజు బోల్టులు తెచ్చాడు. భాగాల పట్టిక తెరిచి చూసి ఉంటే కొద్ది నిమిషాలు పట్టేది. తెల్లారేలోపు పని పూర్తి చేయాలన్న తొందర, ఏళ్ల అనుభవం ఇచ్చిన ధీమా ఆ కొద్ది నిమిషాలను మింగేశాయి. డ్రైడెన్‌లో నోరు విప్పని పైలట్‌కు, ఒక్కసారి చెప్పి ఊరుకున్న ఈ స్టోర్ ఉద్యోగికి నాకు పెద్ద తేడా కనబడదు.

బోయింగ్ 737 మ్యాక్స్ ఉదంతంలో ఆగవలసిన చోట్లు ఇంకా పైస్థాయిలో ఉన్నాయి. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానం 189 మందితో సముద్రంలో కూలడానికి ముందు రోజు, అదే విమానం అదే విధంగా ముక్కు దించుకుంటూ పోతుంటే మరో పైలట్ల బృందం అదుపు చేయగలిగింది. చేతిలోని కంట్రోల్ హెచ్చరికగా కంపిస్తూ ఉన్నా వెనక్కి తిరగకుండా జకార్తా దాకా ప్రయాణించింది. ఒకే ఒక్క సెన్సార్ చెప్పినదాన్ని నమ్మి విమానం ముక్కును కిందికి దించే సాఫ్ట్‌వేర్ అందులో ఉందని అప్పటికి పైలట్లకు తెలియదు. మొదటి ప్రమాదం తరువాత నాలుగు నెలలకు పైగా ఆ రకం విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. 2019 మార్చి 10న ఇథియోపియాలో మరో 157 మంది చనిపోయాకే ప్రపంచమంతా వాటిని నేల మీద నిలిపింది. వందల విమానాలను ఆపడానికి అయ్యే ఖర్చు లెక్కగట్టవచ్చు. ఆపకపోతే కలిగే నష్టం జరిగే దాకా ఊహగానే ఉంటుంది. బల్ల ముందు కూర్చున్నవాళ్లకు, కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లకు ఈ తూకం ఒకే రకంగా పక్కకు ఒరుగుతుంది.

నన్ను నిలవేసే ప్రశ్నలు

ఈ అభిప్రాయానికి ఎదురు చెప్పే ఉదాహరణలను దాచిపెట్టడం న్యాయం కాదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగాన్ని కొలిచే గొట్టాలలో మంచు చేరి, ఆటోపైలట్ విడిపోయింది. ముక్కును పైకి లాగకుండా, ఇంజిన్ బలం మార్చకుండా ఉన్నదున్నట్టు పట్టుకుని ఉంటే ఆ గండం గడిచేది. నడుపుతున్న పైలట్ పైకి లాగాడు, రెక్కలకు ఎత్తే బలం పోయి విమానం స్టాల్ అయింది. హెచ్చరిక 54 సెకన్లు ఆగకుండా మోగినా అదేమిటో వాళ్లకు అర్థం కాలేదు. 228 మంది చనిపోయారు. అక్కడ వాళ్లను తరిమిన ఆలస్యమూ లేదు, ప్రయాణికుల ఒత్తిడీ లేదు. ఉన్నది అయోమయం, చేత్తో నడిపే అలవాటు తగ్గిపోవడం. ఆ రకం గొట్టాలను మార్చడం అప్పటికే మొదలైందని, ఈ విమానంలో ఇంకా మార్చలేదని అంటూ నా వాదనను ఇక్కడికీ సాగదీయవచ్చు. కానీ అలా సాగదీస్తే ఏ ప్రమాదానికైనా అతికే మాటగా మారి దానికి విలువ లేకుండా పోతుంది. ఈ ప్రమాదం నా వాదనకు లొంగదని ఒప్పుకుంటున్నాను.

ఆగడం కూడా ఊరికే వచ్చే భద్రత కాదు. 2013లో కజాన్‌లోనూ, 2016లో రోస్తోవ్-ఆన్-డాన్‌లోనూ బోయింగ్ 737లు గో-అరౌండ్ చేస్తూనే కూలిపోయాయి. తేలికైన విమానం, రెండు ఇంజిన్ల పూర్తి బలం, చీకటి, ముక్కు మరీ పైకి లేస్తోందన్న భ్రమ కలిస్తే అలసిన పైలట్ నేలకేసి తోసేయగలడు. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 కెప్టెన్ చక్రాల సమస్యను జాగ్రత్తగా పరిష్కరించాలని గంటసేపు ఆకాశంలోనే తిరిగాడు, ఇంధనం అయిపోయి విమానం కూలింది. పదిహేను నిమిషాలంటే ఇంధనం చాలదని ఫ్లైట్ ఇంజినీర్ చెప్పాడు. ఆ మాట కూడా గాలిలో కలిసిపోయింది. కెప్టెన్‌కు ఎదురు చెప్పడం, చెప్పినదాన్ని కెప్టెన్ వినడం నేర్పే శిక్షణ విమానయానంలో పుట్టడానికి ఆ ప్రమాదం ముఖ్య కారణమైంది.

అన్నిటికంటే బరువైన ప్రశ్న మరొకటి. జరిగిపోయాక వెనక్కి చూస్తే ఆగవలసిన చోట్లు దీపస్తంభాల్లా కనబడతాయి. ఆ రోజు అవి వంద మామూలు అనుమానాలలో ఒకటిగా మాత్రమే ఉండి ఉంటాయి. ప్రతి అనుమానానికీ ఆగితే ఏ విమానమూ కదలదు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అనుమానం వచ్చిన మనిషి ఆ నిమిషంలో తన పరువునూ ఉద్యోగాన్నీ కూడా తూచుకోవలసిన అవసరం లేకుండా చేయగలిగితే, తూకంలో మిగిలేది ప్రమాదం ఒక్కటే అవుతుంది. చాలా విమానయాన సంస్థలు గో-అరౌండ్ చేసిన పైలట్‌ను సంజాయిషీ అడగకూడదని నియమం పెట్టుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. కాగితం మీది ఆ నియమం ఆలస్యాల పట్టిక చేతిలో పట్టుకున్న మేనేజర్ ముందు ఎంతవరకు నిలుస్తుందో అన్నది వేరే సంగతి.

నడవాలో నిలబడిన మేము ఆ మేనేజర్ చేతిలోని పట్టికకు సిరా పోస్తున్నాము. విమానం ఆలస్యమైతే ఫిర్యాదు చేస్తాము. కుదురుకోని అప్రోచ్ నుంచి గట్టెక్కి మెత్తగా దిగితే చప్పట్లు కొడతాము. పైలట్ ఏ పనికి మెప్పు పొందుతాడో, ఏ పనికి మాట పడతాడో మన చేతుల్లో కొంతైనా ఉంది.

ఈ వ్యాసం రాయడానికి ముందు, ఆ రోజు మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థకు ఉత్తరం రాయాలని కూర్చున్నాను. వాళ్ల వెబ్‌సైట్‌లోని పత్రంలో ముందుగా విషయం ఎంచుకోమని ఉంది. ఆలస్యం, సామాను, భోజనం, సిబ్బంది ప్రవర్తన, డబ్బు వాపసు అని గడులున్నాయి. నేను చెప్పదలచుకున్నది వాటిలో ఎక్కడా ఇమడలేదు, కాసేపు చూసి "ఆలస్యం" ఎంచుకున్నాను. విమానం నంబరు, తేదీ వేసి, ఆ సాయంత్రం దించకుండా మళ్లీ పైకి లేచినందుకు ఆ కెప్టెన్‌కు, కో-పైలట్‌కు నా కృతజ్ఞతలు చేర్చమని నాలుగు వాక్యాలు రాశాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. విమానం ఆలస్యం కావడం వల్ల నాకు కలిగిన అసౌకర్యానికి వాళ్లు చింతిస్తున్నారట. నాకు ఏ అసౌకర్యమూ కలగలేదని, నా మొదటి ఉత్తరాన్ని ఆ ఇద్దరికీ చేరిస్తే చాలునని మళ్లీ రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు.